వ్యాపార వ్యాజ్యాలు చదవడం ఎలా? ఐదవ పాఠం: మధ్యంతర ఉత్తర్వు

అమెరికా కంపెనీలు ఫోర్డ్, నావిస్టార్‌ల తగాదాను మూడు వాక్యాల్లో రాయమని గత పాఠం చివర అడిగాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఇలా ఉన్నాయి: "నావిస్టార్ నాసిరకం ఇంజన్లు ఇచ్చింది. ఫోర్డ్ కోర్టుకు వెళ్లింది. కోర్టు ఫోర్డ్‌కు అనుకూలంగా తీర్పు ఇచ్చింది." ఇందులో రెండో వాక్యం ఒక్కటే నిలుస్తుంది. మొదటిది ఒక పక్షం మాట. మూడోది అసలు జరగనే లేదు. ఈసారి ఎదురుదావాల గురించి చెప్పాలనుకున్నాను గానీ, ఈ మూడో వాక్యాన్ని ఇలాగే వదిలేసి ముందుకు వెళితే రాబోయే పాఠాలన్నీ దీని మీదే తడబడతాయి. ఎదురుదావాలను ఈసారికి పక్కన పెట్టాను.

కథ మళ్లీ క్లుప్తంగా. 1980ల నుంచి ఫోర్డ్ పెద్ద పికప్ ట్రక్కులకు డీజిల్ ఇంజన్లు చేసి ఇచ్చింది నావిస్టారే. ఒకప్పటి ఇంటర్నేషనల్ హార్వెస్టర్. 'పవర్ స్ట్రోక్' పేరు ఫోర్డ్‌ది, లోపలి యంత్రం నావిస్టార్‌ది. 7.3 లీటర్ల ఇంజన్‌కు మంచి పేరు వచ్చింది. దాని స్థానంలో 2003 మోడల్‌తో 6.0 లీటర్లది వచ్చింది. ఈజీఆర్ కూలర్లు, హెడ్ గ్యాస్కెట్లు, ఇంజెక్టర్లు అనే ఇంజన్ భాగాల మీద ఫిర్యాదులతో ట్రక్కులు మరమ్మతుకు వరుస కట్టాయి. వారంటీ ఖర్చు కొండలా పెరిగింది. 2007 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని ఓక్లండ్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో ఫోర్డ్ దావా వేసింది. అంశాలు రెండు: వారంటీ ఖర్చులో ఎవరి వాటా ఎంత, ఇంజన్ల ధర ఎంత. ఆరోపణలను నావిస్టార్ తోసిపుచ్చింది. ఒప్పందాన్ని ఉల్లంఘించింది ఫోర్డేనని ఎదురు తిరిగింది.

దావా మంచి ఇంజనా చెడ్డ ఇంజనా అన్న పంచాయితీ కాదని ఇక్కడే గుర్తించాలి. ఇంజన్ చెడ్డదే అనుకున్నా, ఆ ఖర్చు ఒప్పందం ప్రకారం ఎవరి నెత్తిన పడుతుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. డిజైన్ లోపమా, తయారీ లోపమా, అమ్మిన తర్వాత డీలరు సరిగా మరమ్మతు చేయలేదా అన్నదాన్ని బట్టి వాటా మారేలా ఇలాంటి ఒప్పందాలు రాసుకోవచ్చు. దీన్ని ఇంతటితో వదిలేస్తున్నాను. మూడో పాఠం చదివినవారికి కొత్త కాదు.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. ఫోర్డ్ బిల్లుల మేరకు పూర్తిగా చెల్లించడం లేదన్నది నావిస్టార్ ఫిర్యాదు. ఇలాంటి చోట లెక్క పుస్తకంలో ఏం జరుగుతుందో ఊహించిన అంకెలతో చూడండి. సరఫరాదారు ఒక ఇంజన్‌కు 10,000 డాలర్ల బిల్లు పంపాడు. కొనుగోలుదారు వారంటీ కింద తనకు రావలసింది 800 అని డెబిట్ నోటు (బిల్లులో ఇంత తగ్గిస్తున్నానని తెలిపే కాగితం) రాసి, 9,200 చెల్లించాడు. ఇప్పుడు కొనుగోలుదారు పుస్తకంలో బాకీ సున్నా. సరఫరాదారు పుస్తకంలో 800 బకాయి, అదీ గడువు దాటినది. రెండు పుస్తకాలూ ఎవరి లెక్కలో వారికి సరిగ్గానే ఉన్నాయి. ఇలాంటి బిల్లులు వేలల్లో పోగుపడితే అదే వ్యాజ్యం.

బిల్లులోంచి అలా కోసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉందా? అమెరికా రాష్ట్రాలు అమలు చేసే యూనిఫామ్ కమర్షియల్ కోడ్‌లో 2-717 నిబంధన ఉంది. ఎదుటివారి ఉల్లంఘన వల్ల కలిగిన నష్టాన్ని, ముందుగా తెలియజేసి, అదే ఒప్పందం కింద చెల్లించవలసిన ధరలోంచి కొనుగోలుదారు మినహాయించుకోవచ్చు. ఆ 'అదే ఒప్పందం' అన్న షరతు దగ్గర ఆగండి. పాత ఇంజన్ నష్టాన్ని కొత్త ఇంజన్ బిల్లులో కోయవచ్చా? రెండూ ఒకే ఒప్పందమా, రెండా? ఇలాంటి కేసుల్లో లాయర్ల ఫీజుల్లో గణనీయమైన భాగం ఈ ఒక్క ప్రశ్న తినేస్తుంది. మరోవైపు 2-703 నిబంధన ప్రకారం, గడువులోగా డబ్బు అందకపోతే అమ్మేవాడు సరుకు ఆపవచ్చు. కోత న్యాయమైతే సరుకు ఆపడం తప్పు. కోత తప్పైతే సరుకు ఆపడం న్యాయం. కోత సంగతి తేలేదాకా రెండోది తేలదు, అది తేలడానికి నెలలు కాదు, ఏళ్లు పడుతుంది.

నావిస్టార్ అంతకాలం ఆగలేదు. 2007 ఫిబ్రవరి చివర్లో ఇంజన్లు పంపడం ఆపేసింది. ఆ ఇంజన్లు బిగించే సూపర్ డ్యూటీ ట్రక్కులు (ఫోర్డ్ పెద్ద పికప్‌లు) అప్పట్లో తయారయ్యేది కెంటకీ రాష్ట్రం లూయివిల్ ప్లాంటులో. కొత్త 6.4 లీటర్ల ఇంజన్‌తో 2008 మోడల్ అప్పుడప్పుడే బయటికొస్తోంది. ఫోర్డ్ పరుగున కోర్టుకు వెళ్లింది. సరఫరా కొనసాగించాలని జడ్జి మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలేలోగా ఇచ్చే తాత్కాలిక ఆదేశం) ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఇంజన్లు మళ్లీ కదిలాయి. మీలో చాలామంది 'కోర్టు తీర్పు' అని రాసింది దీన్నే.

ఇది తీర్పు కాదు. జడ్జి ముందున్న ప్రశ్న ఎవరిది న్యాయమని కాదు; న్యాయం తేలేలోగా డబ్బుతో పూడ్చలేని నష్టం ఎవరికి జరుగుతుందని. వాహన ప్లాంట్లు ఇంజన్లను గుట్టలుగా నిల్వ ఉంచుకోవు. డీజిల్ ఇంజన్‌ను మరో కంపెనీ నుంచి తెచ్చి రేపు పొద్దున బిగించడం కుదరదు. మౌంటింగులు, వైరింగు, ఉద్గారాల ధ్రువీకరణ అన్నీ ఆ ఇంజన్‌కే కట్టుబడి ఉంటాయి. ప్లాంటు ఆగితే కొనుగోలుదారు నష్టం ఇంతని లెక్క కట్టడమే కష్టం. సరఫరాదారుకు ఇంజన్‌కు 800 చొప్పున తగ్గితే ఆ నష్టం పైసాతో సహా లెక్కకొస్తుంది, తర్వాత వడ్డీతో ఇప్పించవచ్చు. అందుకే జడ్జి సరుకును కదలనిచ్చి, డబ్బు తగువును తర్వాతికి ఉంచుతారు. గెలిచే అవకాశం ఉందా అని కూడా చూస్తారు, నిజమే. అది తొందరలో, అరకొర కాగితాల మీద వేసే అంచనా. సాక్షుల విచారణ అప్పటికింకా మొదలే కాదు.

అద్దెదారును ఖాళీ చేయించవద్దని స్టే వస్తే అద్దె బాకీ రద్దయినట్టా? బ్యాంకు గ్యారంటీ సొమ్ము తీసుకోవద్దని ఉత్తర్వు వస్తే కాంట్రాక్టరు పని పూర్తి చేసినట్టా? సరుకు వేలం ఆపమంటే అప్పు తీరినట్టా? పత్రికల్లో 'ఫలానా కంపెనీకి ఊరట' అన్న శీర్షిక కనబడగానే పందెం గెలిచినట్టు రాసేస్తారు, మీరూ అలాగే రాశారు. ఇకమీదట మధ్యంతర ఉత్తర్వును 'తీర్పు' అని రాసిన జవాబుకు నా దగ్గర సున్నా.

ఈ పొరపాటు ఎంత దూరం తీసుకెళుతుందో ముగింపు చూస్తే తెలుస్తుంది. 2009 జనవరిలో రెండు కంపెనీలూ రాజీ పడ్డాయి. ఫోర్డ్ 20 కోట్ల డాలర్లు నావిస్టార్‌కు చెల్లించింది. ఉమ్మడిగా నడిపే బ్లూ డైమండ్ వ్యాపారాల్లో నావిస్టార్ వాటా 75 శాతానికి పెరిగింది. ఇంజన్ల సరఫరా అదే ఏడాది డిసెంబరు 31తో ముగిసేలా నిర్ణయించుకున్నారు. ఫోర్డ్ 2011 మోడల్ నుంచి సొంత 6.7 లీటర్ల డీజిల్ పెట్టుకుంది. 'కోర్టులో ఫోర్డ్ గెలిచింది' అని రాసుకున్నవారు ఈ 20 కోట్లను ఎక్కడ సర్దుతారు? అలాగని రాజీ సొమ్ము తప్పు ఒప్పుకున్నట్టూ కాదు.

చదివే పద్ధతి గురించి ఒక మాట. నేను దావా పత్రాన్ని చివరి పేజీ నుంచి మొదలుపెడతాను. వాది కోర్టును ఏం ఇప్పించమంటున్నాడో అక్కడే ఉంటుంది. డబ్బా, సరుకా, ఒప్పందం రద్దా? అది తెలిశాక ముందున్న ఆరోపణల్లో సగం అలంకారమని అర్థమైపోతుంది. ఇంకోటి, పత్రికల కంటే కంపెనీ వార్షిక నివేదికలోని న్యాయ వివాదాల భాగం నాకు నచ్చుతుంది. పొడిగా ఉంటుంది, అబద్ధమాడితే శిక్ష ఉంటుంది. ఈ కేసులో ఆ దారి కూడా కొంతకాలం మూసుకుంది. నావిస్టార్ పాత లెక్కలను సరిదిద్దుకుంటూ 2005 వార్షిక నివేదికను 2007 డిసెంబరులో గానీ దాఖలు చేయలేకపోయింది. సరఫరా ఆపిన ఆ ఫిబ్రవరిలోనే న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి ఆ షేరును జాబితా నుంచి తీసేసింది కూడా. గోరుచుట్టు మీద రోకటి పోటు. బిల్లు డబ్బు కోసం ఆ కంపెనీ ఎందుకంత పట్టుబట్టిందో ఆలోచించేటప్పుడు దీన్ని పక్కన పెట్టుకోండి.

అభ్యాసం. 2007 జూన్‌లో నావిస్టార్ ఇల్లినాయ్‌లోని కుక్ కౌంటీలో వేరే దావా వేసింది. ఎఫ్-150 వంటి వాహనాలకు కొత్త డీజిల్ ఇంజన్లు తామే చేసేలా కుదిరిన ఒప్పందాన్ని ఫోర్డ్ ఉల్లంఘించిందన్నది ఫిర్యాదు, కోరింది నష్టపరిహారం. ఫోర్డ్ సొంత ఇంజన్ తయారీని వెంటనే ఆపించే మధ్యంతర ఉత్తర్వు అడిగి ఉంటే నావిస్టార్‌కు దొరికేదా? ముందు నావిస్టార్ లాయరుగా అడగండి, తర్వాత ఫోర్డ్ లాయరుగా తిప్పికొట్టండి, ఆపైన జడ్జిగా ఉత్తర్వు రాయండి. 'నాసిరకం', 'మోసం' అన్న మాటలు వాడకూడదు. మూడూ కలిపి ఒక పేజీ దాటితే చదవను.