డ్రమ్స్ వెనక నుంచి మైకు ముందుకు: డ్రమ్మర్ సొంతంగా పాడాలంటే

బ్యాండులో డ్రమ్స్ వాయించే మనిషి ఒక పాట పాడితే జనం ఇష్టపడతారు, రెండో పాటకి చల్లబడతారు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ 1973 చివర్లో, 1974 మొదట్లో రెండు పాటల్ని అమెరికా జాబితాలో మొదటి స్థానానికి తీసుకెళ్ళాడు. దశాబ్దం ముగిసేలోపు ఆ ఊపు పోయింది. జెనెసిస్ డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ మాత్రం 1981లో సొంత ఆల్బమ్ తెచ్చేనాటికే, దాదాపు ఐదేళ్ళుగా ఆ బ్యాండుకు ప్రధాన గాయకుడు. తిరుపతి, చిత్తూరుల్లో కాలేజీ ఫెస్టులకూ పెళ్ళి ఆర్కెస్ట్రాలకూ వాయిస్తూ పాడాలనుకునేవాళ్ళు కూడా ముందు బ్యాండులోనే పాడి గొంతు తయారుచేసుకోవడం మంచిది.

మొట్టమొదట శ్రుతి తేల్చుకోండి. ఫోన్లో శ్రుతిపెట్టె పెట్టుకుని మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) నుంచి పైకి అకారంతో పాడుతూ వెళ్ళండి. గొంతు బిగిసే స్వరం దగ్గర ఆగి రాసుకోండి. మీ పాటలోని అన్నిటికన్నా పై స్వరం దానికి కనీసం రెండు మెట్లు కిందుండాలి. మగగొంతులు ఎక్కువగా ఒకటి నుంచి రెండు శ్రుతి (C నుంచి D) మధ్య కుదురుకుంటాయి. 1967లో రింగో కోసం బ్యాండువాళ్ళు కట్టిన పాట చివరి స్వరం తప్ప మొత్తం ఐదు స్వరాల్లోనే తిరుగుతుంది, అయినా అది ఇప్పటికీ పాడుకునే పాటే. కీబోర్డుకు శ్రుతి మార్చడం మీట నొక్కినంత పని. గిటారుకు అలా కాదు. కేపో (గిటారు మెడకు బిగించే క్లిప్పు) శ్రుతిని పైకే తీసుకెళ్తుంది, దించాలంటే కార్డులు, అంటే తీగల మీద పట్టే స్వరాల గుంపులు, మార్చుకోవాలి. గిటారిస్టుకు వారం ముందే చెప్పండి.

వాయిస్తూ పాడటమే అసలు కష్టం. స్టూలు ఎత్తు పెంచి, తొడలు మోకాళ్ళ వైపు కాస్త వాలేలా కూర్చోండి. కిందికి కూర్చుంటే పొట్ట నొక్కుకుపోయి ఊపిరి నిండదు. మెట్రోనోమ్ (లయ లెక్క చూపే యంత్రం) నిమిషానికి 70 దెబ్బల దగ్గర పెట్టి, ముందు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) మాత్రమే వాయిస్తూ పల్లవిని పాడకుండా మాటల్లా చెప్పండి. తప్పు లేకుండా పదిసార్లు వచ్చాక పాడండి, ఆ తర్వాతే హైహ్యాట్ (జంట సింబల్స్) కలపండి. హైహ్యాట్‌ను ఎనిమిది దెబ్బల నుంచి నాలుగుకు తగ్గించినా వినేవాళ్ళకు లోటు తెలియదు. ఎక్కువమంది దెబ్బతినేది ఫిల్ (పాదాల మధ్య ఖాళీ నింపే చిన్న వాయింపు) దగ్గర: పాటలో పాదం చివరి అక్షరం మీదే చెయ్యి టామ్ డ్రమ్ముల వైపు పోతుంది, అక్షరం తెగిపోతుంది, ఊపిరీ అందదు. అక్షరం ముగిశాకే ఫిల్ మొదలుపెట్టండి, చిన్నదిగా ఉండనివ్వండి. ఆ ఖాళీలోనే ఊపిరి పీల్చుకోవాలి.

చెవుల్లో ప్లగ్గులుంటే సొంత గొంతు తలలో గుమ్మని పెద్దగా వినిపిస్తుంది. దాంతో మెల్లగా పాడతారు, స్వరం కిందికి జారుతుంది. అందుకే చెవిలో పెట్టుకునే ఇయర్ మానిటర్‌లో గొంతుతో పాటు కీబోర్డూ ఇవ్వమనండి. మైకు కార్డియాయిడ్ రకం (ముందు శబ్దాన్ని ఎక్కువగా, వెనక శబ్దాన్ని తక్కువగా పట్టేది) అయితే దాని వీపు సింబల్స్ వైపుకు రావాలి, లేకపోతే గొంతుకన్నా క్రాష్ సింబల్ మోత ఎక్కువ పడుతుంది. పెదవులకు రెండు మూడు వేళ్ళ దూరం చాలు. మిక్సర్‌లో గొంతు ఛానెల్‌కు 100 హెర్ట్జ్ కిందుండే లోతు శబ్దాన్ని కోసేయమనాలి. మే నెల గంగజాతర రోజుల్లాంటి ఎండాకాలపు స్టేజీల మీద పెడెస్టల్ ఫ్యాను పెడతారు. అది మైకుకు ఎదురుగా ఉంటే బుర్రుమంటుంది, గొంతూ ఆరిపోతుంది. వీపు వైపుకు తిప్పించండి.

తర్వాత స్టూలు వదిలి ముందుకు రావాలి. వాయిద్యం వేరేవాళ్ళకిచ్చాక డ్రమ్మర్లు తాళంకన్నా ముందు పరుగెత్తి పాడతారు. మడమతో మెల్లగా లెక్కపెట్టుకుంటే అది తగ్గుతుంది. కానీ స్టాండు పక్కనే తొక్కితే ఆ చప్పుడు మైకులోకి ఎక్కుతుంది. కొత్త డ్రమ్మర్‌ను స్టేజి మీద సరిదిద్దకండి, అతని తాళానికి పాడటం రిహార్సల్స్‌లోనే అలవాటు చేసుకోండి.

రికార్డింగ్ ఇంట్లోనైనా చేయొచ్చు. బొంతలు మైకు వెనక కాదు, మీ వీపు వెనక కట్టండి, ఎందుకంటే మైకు చూసేది అటే. 24 బిట్ సెట్టింగులో, మీటరు మీద గొంతు పై స్థాయి మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉంచండి. సినిమా పాటను మీ గొంతుతో మళ్ళీ పాడి (కవర్) విడుదల చేస్తే లైసెన్సు కావాలి. సొంత పాటైతే మాట ఎవరిది, బాణీ ఎవరిది, వాటా ఎంత అన్నది విడుదలకు ముందే కాగితం మీద రాసి, బ్యాండులో అందరూ సంతకం చేయండి. స్నేహాలు చెడేది ఇక్కడే.

మొదటి పాట విడుదల చేసేనాటికి రెండోది మిక్సింగ్ కూడా అయిపోయి ఉండాలి. శ్రుతి అదే ఉంచి నడక మార్చండి: మొదటిది 120లో ఉరికితే రెండోది 80లో నిలకడగా సాగాలి, డ్రమ్స్ తక్కువగా, గొంతు ముందుండాలి.