పెరట్లో కుబుసం: ఎందుకు వెతకాలి, ఎక్కడ దొరుకుతుంది, ఎలా చదవాలి

పాపికొండల వైపు అడవుల్లో మగ దుప్పులూ కణుతులూ ఏటా కొమ్ములు రాలుస్తాయి. రాలిన కొమ్మే కదా అని ఏరి ఇంటికి తెచ్చుకోవడం మన దేశంలో నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువుతో పాటు దాని కొమ్మునూ కాపాడుతుంది. పైగా ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, గౌతమికీ వసిష్ఠకూ నడుమనున్న మన ఊళ్ల పెరళ్లలో దుప్పులు తిరగవు. ఇక్కడ ఒక జంతువు తన ఒంటి నుంచి విడిచి వెళ్లేవాటిలో, వెతికినందుకు నిజంగా ఉపయోగపడేది పాము కుబుసం ఒక్కటే.

కుబుసం కనబడగానే మన ఇళ్లలో సాధారణంగా రెండు పనులు జరుగుతాయి: ఎవరో ఒకరు అది తాచుదేనని తేల్చేస్తారు, మరొకరు దాన్ని కర్రతో లేపి కాలవలో పారేస్తారు. రెండవ పని వల్ల మొదటి మాటను సరిచూసుకునే అవకాశం పోతుంది. మా పెరట్లో కట్టెల మోపు కింద దొరికిన ఆరడుగుల కుబుసాన్ని చూసి ఇల్లంతా వారం రోజులు దీపాలార్పకుండా పడుకున్నారు. తీరా పొలుసుల వరుసలు లెక్కపెడితే అది ఎలుకలను తిని బతికే జెర్రిపోతుదని తేలింది. పామును కళ్లారా చూసినప్పుడు భయంతో సగం మాత్రమే చూస్తాం, అది కూడా క్షణకాలంలో కనుమరుగవుతుంది. కుబుసం మాత్రం కదలదు, కరవదు, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడనిస్తుంది. ఇంటి చుట్టూ తిరుగుతున్నది ఏ పామో తెలిస్తే ఎలాంటి జాగ్రత్త తీసుకోవాలో కూడా తెలుస్తుంది.

పాము చర్మంలో పై పొర పెరగదు కనుక, కింద కొత్త పొర తయారయ్యాక పాతదాన్ని విడిచిపెట్టవలసి ఉంటుంది. ఆ పని జరగడానికి కొన్ని రోజుల ముందు రెండు పొరల మధ్య ద్రవం చేరి కళ్లు పాలనీలంగా మారతాయి. చూపు మందగించిన ఆ రోజుల్లో పాము చాటున ఉండిపోతుంది, కదిలిస్తే చిరాకుపడుతుంది. ఆ తరువాత కళ్లు తేటపడతాయి. అప్పుడది మూతిని గరుకైన దేనికైనా రుద్ది, పెదవుల దగ్గర పొరను చించి, దాన్ని అక్కడ తగిలించి ముందుకు పాకుతుంది; మేజోడు పైఅంచు పట్టుకుని తిరగదీసినట్లు కుబుసం లోపలి వైపు బయటికి వస్తుంది. అందుకే గాలికి చెదరని కుబుసంలో తల భాగం వెనకా, తోక కొస పాము వెళ్లిన దిక్కునా ఉంటాయి. కంటి మీది పారదర్శకమైన మూత కూడా కుబుసంతోనే ఊడి వస్తుంది. పిల్ల పాములు వేగంగా పెరుగుతాయి కాబట్టి పెద్దవాటికన్నా ఎక్కువసార్లు కుబుసం విడుస్తాయి.

వెతకవలసిన చోటుకు మూడు లక్షణాలుండాలి: రుద్దుకోవడానికి గరుకుతనం, దాగడానికి చాటు, కొంత తేమ. కోనసీమ పెరట్లో ఈ మూడూ ఒకేచోట కుదిరేది కొబ్బరి డొక్కల కుప్ప దగ్గర. ఆ తరువాత గడ్డివాము అడుగు, పశువుల పాక వెనక పేర్చిన కట్టెలు, మిగిలిపోయిన ఇటుకల దొంతర, బావి గట్టు నెర్రెలు, పాత పెంకుటింటి చూరు. చూరును మరిచిపోవద్దు, ఎలుకల కోసం జెర్రిపోతులు వాసాల మీదికి కూడా ఎక్కుతాయి. పొలాల వైపు వెళితే, ఎలుక కన్నాలున్న గట్లు, బోదెల అంచున పెరిగిన తుంగ, మురుగు కాలవల పక్క ముళ్లపొదలు చూడాలి. చేపల చెరువుల చుట్టూ కట్టిన వలల దగ్గర కుబుసాలు మాత్రమే కాదు, చిక్కుకున్న పాములు కూడా ఉండవచ్చు గనుక అక్కడ చేయి పెట్టకుండా కళ్లతోనే వెతకాలి.

కాలం విషయానికొస్తే, మన ప్రాంతంలో పాముల రాకపోకలు ఎలుకల వెంటే సాగుతాయి, ఎలుకలేమో పంటల వెంట. సార్వా కోతలయ్యాక, మళ్లీ దాళ్వా కోతలయ్యాక, చేలో తిండి తగ్గిన ఎలుకలు గడ్డివాములకూ ధాన్యం నిల్వ చేసిన ఇళ్లకూ చేరతాయి; అప్పుడు పెరడు వెతకడం ఫలిస్తుంది. గోదావరికి వరదొచ్చి లంకలు మునిగినప్పుడు మెరకకు చేరుకునే పాముల సంగతి వేరు, అప్పుడు వెతుకులాట కన్నా జాగ్రత్త ముఖ్యం. వానాకాలంలో ఆరుబయట కుబుసం నిలవదు. తడిసి చిరుగుతుంది, చీమలు పట్టుకుపోతాయి. ఆ నెలల్లో కప్పు కింద మాత్రమే చూడాలి. రోజులో మంచి సమయం పొద్దెక్కిన తరువాత. నేల బాగా కనబడాలి, ఏటవాలు ఎండలో కుబుసం తళుక్కుమంటుంది.

కాళ్లకు గట్టి బూట్లు, చేతిలో పొడవాటి కర్ర లేకుండా బయల్దేరవద్దు. కట్టెనూ డొక్కనూ ముందు కర్రతో కదిలించి, కాసేపు ఆగి, తరువాతనే తీయాలి. కన్నంలో వేలు పెట్టడం, చూరులోకి చేయి తడమడం ఎన్నడూ చేయకూడదు. కుబుసం మెత్తగా, చేతికి కాస్త తేమగా తగిలితే అది కొద్ది గంటల క్రితందని అర్థం. విడిచిన పాము దగ్గరలోనే ఉండవచ్చు కాబట్టి వెనక్కి వచ్చేసి మరునాడు తీసుకోవాలి. పెళుసుబారి చిట్లుతుంటే అది పాతది. ఒకవేళ కాటు పడితే తాడు కట్టడం, కోయడం, పసరు పోయడం మానేసి, కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. విషానికి విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

తెచ్చిన కుబుసాన్ని వెంటనే విప్పదీయబోతే చిరుగుతుంది. గోరువెచ్చని నీళ్లు చిలకరించి, పాత వార్తాపత్రిక మీద మెల్లగా పరిచి, పక్కన కొలబద్ద పెట్టి మూడు చోట్ల ఫొటో తీయాలి: తల పైభాగమూ పక్కభాగమూ, నడుము, మలద్వారం నుంచి కొస దాకా తోక అడుగు. పొడవు చూసి పాము పొడవును అంచనా కట్టవద్దు. పొలుసుల మధ్య ముడతలు కూడా విచ్చుకోవడం వల్ల కుబుసం ఎప్పుడూ పాముకన్నా పొడవుగానే ఉంటుంది. రంగును కూడా నమ్మవద్దు, ఎందుకంటే రంగులో ఎక్కువ భాగం పాము ఒంటి మీదనే ఉండిపోతుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇక చదవడం. పొట్ట కింద అడ్డంగా వెడల్పాటి పలకలుంటాయి. నడుము దగ్గర, ఒక పలక అంచును ఆనుకున్న పొలుసు నుంచి మొదలుపెట్టి, వీపు మీదుగా ఏటవాలుగా అవతలి అంచు వరకు పొలుసులు లెక్కపెట్టాలి. పొట్ట పలకను లెక్కలో చేర్చకూడదు. కట్లపాముకు సాధారణంగా 15, జెర్రిపోతుకు 17, గళ్ల నీటిపాముకు 19, నాగుపాముకు 21 నుంచి 25, రక్తపింజరకు 27 నుంచి 33 వరుసలు వస్తాయి. మూడుసార్లు లెక్కపెట్టి మూడుసార్లూ అదే అంకె వస్తేనే రాసుకోండి.

అంకె ఒక్కటే చాలదు. రక్తపింజరకు ఒక్కో పొలుసు నడిమధ్యన నిలువుగా గట్టి గీత లేచి ఉంటుంది, తిరగబడిన కుబుసంలో అది గాడిలా కనిపిస్తుంది. తల మీద పెద్ద పలకలకు బదులు చిన్న చిన్న పొలుసులే ఉంటాయి. నీటిపాముకు కూడా గీతలుంటాయి గానీ తల మీద పెద్ద పలకలుంటాయి. నాగుపాము పొలుసులు నున్నగా ఉంటాయి. పై పెదవిలో ముందు నుంచి మూడవ పొలుసు ఒక వైపు ముక్కు పొలుసునూ మరొక వైపు కంటినీ తాకుతుంది.

అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసింది కట్లపామును, ఎందుకంటే రాత్రి ఇంట్లోకి వచ్చి, నేల మీద పడుకున్నవారిని నొప్పి పెద్దగా తెలియకుండానే కాటేయగలిగేది అదే. దాని వెన్ను మీది వరుసలో పొలుసులు పక్కవాటికన్నా పెద్దవిగా, ఆరు మూలలతో ఉంటాయి. తోక అడుగు పలకలు చీలకుండా ఒంటిగా సాగుతాయి. జెర్రిపోతుకూ నాగుపాముకూ రక్తపింజరకూ ఆ పలకలు రెండుగా చీలి ఉంటాయి. కట్లపామునే పోలిన, తెల్లని అడ్డపట్టీలున్న విషం లేని పాము ఒకటి మన గోడల మీద కూడా పాకుతుంది; దాని వెన్ను పొలుసులు పెద్దవి కావు, తోక అడుగు పలకలు చీలి ఉంటాయి. కొమ్మలెక్కే పాముల్లో కొన్నింటికి వెన్ను పొలుసులు పెద్దవిగానే ఉంటాయి కాబట్టి తోక అడుగు చూడనిదే కట్లపామని తేల్చవద్దు. తల గానీ తోక గానీ దొరకని ముక్క మీద అసలే తీర్పు చెప్పవద్దు.

జెర్రిపోతని తేలితే చేయవలసిందేమీ లేదు. ధాన్యం ఉన్న ఇంటికి అది మేలే. కట్లపామైతే అందరూ మంచం మీద, దోమతెర అంచులు పరుపు కింద దోపుకుని పడుకోవాలి. రక్తపింజరైతే గడ్డి కోసేటప్పుడు బూట్లు తొడుక్కోవాలి, రాత్రి లైటు లేకుండా పెరట్లో అడుగుపెట్టకూడదు. నాగుపామైతే కోళ్లగూడును, ఎలుక కన్నాలను ముందు సరిచేసుకోవాలి. ఏ పామైనా డొక్కల కుప్పను ఇంటి గోడకు దూరంగా జరపడం, గోడ నెర్రెలు పూడ్చడం వల్ల కలిగేంత మేలు ఫినాయిల్, వెల్లుల్లి చల్లడం వల్ల కలగదు. పామును చంపడం చట్టరీత్యా నేరం. ఇంట్లోకి వస్తే అటవీశాఖకు కబురు చేయాలి. కుబుసం బీరువాలో దాచుకుంటే కలిసివస్తుందని అమ్మజూపేవారు ఎదురుపడినా కొనకండి. ఫొటోలూ కొలతలూ తీసుకున్నాక దాన్ని దొరికిన చోటే వదిలేసి, తేదీ రాసి పెట్టుకుంటే, కొన్ని నెలల తరువాత అదే కుప్పలో మరొకటి దొరికినప్పుడు అది మళ్లీ అదే జాతి పాముదో, వేరొకటి వచ్చి చేరిందో పోల్చి చూసుకోవచ్చు.