పాత ప్రొజెక్టరుకు కొత్త పవర్ సాకెట్టు: బిగించాక షాకు కొడితే ఎక్కడ వెతకాలి

తిరుపతి, చిత్తూరు పరిసరాల్లోని పాత బడుల బీరువాల నుంచి, మూతపడిన టూరింగ్ టాకీసుల సామాను నుంచి బయటపడే 16 ఎంఎం ప్రొజెక్టర్లు చాలావరకు పవర్ తీగ లేకుండానే చేతికి వస్తాయి. వాటికి సరిపోయే ప్లగ్గు కోసం చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీటు దాకా వెళ్ళినా దొరుకుతుందన్న నమ్మకం లేదు కనుక, పాత సాకెట్టు తీసేసి, కంప్యూటర్ల వెనుక ఉండే మూడు పిన్నుల సాకెట్టు బిగించడమే మంచి దారి. బిగించే పద్ధతి తెలిసినదే అనుకొని, ఆ తరువాత ఎదురయ్యే చిక్కులను మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: స్విచ్చి వేయగానే దీపం భగ్గున వెలిగి మాడిపోయింది.

యంత్రం వెనుక ఉన్న రేకు మీద వోల్టేజి ఎంతో చదవలేదన్నమాట. అమెరికాలో తయారైన యంత్రాలు 110-120 వోల్టులవి. వాటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు. పాత ప్లగ్గు ఉన్నంతకాలం పొరపాటున 230 వోల్టులు ఇవ్వడం అంత తేలిక కాదు, ఇప్పుడు ఇంట్లో ఉన్న ఏ కంప్యూటరు తీగైనా అందులో దూరుతుంది. అందుచేత సాకెట్టు పక్కనే వోల్టేజిని చెరగని రంగుతో రాసి ఉంచాలి.

సమస్య: సాకెట్టు వేడెక్కుతోంది, కాలిన వాసన వస్తోంది.

750 వాట్ల దీపం 230 వోల్టుల మీద 3.3 ఆంపియర్లే తీసుకుంటుంది, 110 మీద దాదాపు 7 తీసుకుంటుంది. ఈ సాకెట్టు 10 ఆంపియర్లకు తయారైనది కనుక, 110 వోల్టుల యంత్రంలో 1000 వాట్ల దీపం ఉంటే (దీపమొక్కటే 9 ఆంపియర్లు తీసుకుంటుంది, మోటారు అదనం) 16 ఆంపియర్ల రకమే వాడాలి. తక్కిన సందర్భాల్లో లోపం సాధారణంగా వదులుగా నొక్కిన లగ్గులో, అంటే తీగ చివర నొక్కి బిగించే లోహపు ముక్కలో, ఉంటుంది.

సమస్య: బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోంది, లేదా ఇంట్లోని ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) పడిపోతోంది.

ఎంతమందికి చెప్పినా దాటవేసే పరీక్ష ఒకటుంది. ప్లగ్గు పీకేసి, సాకెట్టు ఎర్తు పిన్నుకూ యంత్రం లోహపు బాడీకీ మధ్య మల్టీమీటరు పెట్టి చూడాలి. ఎర్తు లగ్గును రంగు మీదే బిగిస్తే విద్యుత్తుకు దారి ఉండదు. స్క్రూ కింద రంగు గీకి, మెరిసే లోహం మీద బిగించాలి. పాత ఇళ్ళలో గోడ సాకెట్టు ఎర్తు రంధ్రం వెనుక అసలు తీగే లేకపోవచ్చు కనుక, దాన్ని కూడా ఎలక్ట్రీషియనుతో చూపించుకోవాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఆర్‌సీసీబీ పడిపోతూనే ఉంటే, లేదా ఎర్తు లేనిచోట షాకు కొడుతుంటే, మోటారు దగ్గర ఫేజుకూ బాడీకీ మధ్య పెట్టిన పాత కాగితపు కెపాసిటరును అనుమానించాలి. మోటారు నిప్పురవ్వల వల్ల రేడియోలో గరగర రాకుండా దాన్ని పెట్టేవారు. మంచి స్థితిలో ఉన్నా, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు గుండా 230 వోల్టుల వద్ద 7 మిల్లీఆంపియర్ల వరకు బాడీకి చేరుతుంది. కాగితం చెమ్మ పట్టి పాతబడేకొద్దీ ఆ లీకేజి పెరుగుతూనే ఉంటుంది.

ఈ కెపాసిటరు లోపం దొరకకుండా తప్పించుకోవడానికి కారణాలున్నాయి. పాత రెండు పిన్నుల ప్లగ్గును ఎటు తిప్పి అయినా పెట్టవచ్చు; ఒకవైపు పెడితే కెపాసిటరు న్యూట్రల్ మీద పడి షాకు ఉండదు, తిప్పి పెడితే ఉంటుంది. కొత్త సాకెట్టులో ఆ వైపు స్థిరపడిపోతుంది కనుక, తప్పంతా సాకెట్టుదే అనిపిస్తుంది. అప్పుడు చాలామంది ఫేజు, న్యూట్రల్ తీగలను అటూ ఇటూ మార్చి, షాకు పోయిందని సంతోషిస్తారు. ఆ మార్పుతో స్విచ్చి న్యూట్రల్ మీదికి వెళ్ళిందంటే, ఆపేసిన తరువాత కూడా దీపం హోల్డరులో ఫేజు ఉంటుంది. మాడిన దీపం మార్చడానికి చెయ్యి పెట్టినవారికి ఆ సంగతి తెలిసివస్తుంది. తీగ రంగును నమ్మి కూర్చోవడం కూడా పనికిరాదు: మన వైరింగులో నలుపు న్యూట్రల్, అమెరికా యంత్రాల్లో నలుపే ఫేజు. ఏ తీగ ముందుగా ఫ్యూజుకూ స్విచ్చికీ వెళుతోందో మీటరుతో పట్టుకొని, దానికే ఫేజు ఇవ్వాలి.

కెపాసిటరును మల్టీమీటరుతో చూస్తే తరచు బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు ఇచ్చే వోల్టేజి చాలా తక్కువ. గోడ సాకెట్టు నుంచి పూర్తిగా విడదీసి, స్విచ్చి వేసిన స్థితిలో ఉంచి, ఫేజు, న్యూట్రల్ పిన్నులను కలిపి, వాటికీ బాడీకీ మధ్య 500 వోల్టుల మెగ్గరు (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషను పరీక్షించే మీటరు) పెట్టాలి. ఒక మెగోమ్ (పది లక్షల ఓములు) కన్నా తక్కువ వస్తే ఆ కెపాసిటరు ఒక కాలు విప్పి మళ్ళీ చూడాలి. అంకె పైకి ఎగబాకితే దోషి దొరికినట్టే. దాని స్థానంలో వై2 (ఫేజుకూ బాడీకీ మధ్య వాడటానికే తయారైన రకం) అని ముద్రించిన 0.0047 మైక్రోఫారడ్‌ది వేస్తే లీకేజి అర మిల్లీఆంపియరు లోపే ఉంటుంది. వై2 గుర్తు లేని మామూలు కెపాసిటరును, అది ఎన్ని వోల్టులదైనా, అక్కడ వేయకూడదు.

కాలు విప్పినా అంకె మారకపోతే మోటారు చుట్టలోనో ట్రాన్స్‌ఫార్మరులోనో ఇన్సులేషను పోయి ఉంటుంది. అది అరుదు, రీవైండింగ్ చేసేవారి పని. దీపం పెట్టెలోని తీగలకు తెల్లటి నారలాంటి తొడుగు కనిపిస్తే, అది పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ కావచ్చు కనుక గీకకుండా, దులపకుండా వదిలేయాలి. ఎర్తు ఇచ్చాక స్పీకరులో గుయ్‌మనే శబ్దం మొదలైతే, బయటి ఆంప్లిఫయరునూ ప్రొజెక్టరునూ ఒకే ప్లగ్గు బోర్డు నుంచి నడపాలి. శబ్దం పోవడానికని ఎర్తు తీగ మాత్రం కత్తిరించకూడదు.