మున్నేరు నది, అరాన్ లోయ: బాస్క్ మాట మూలం పట్టుకోవడం ఎలా

కీసర వంతెన కింద పారేదాన్ని మనం ‘మున్నేరు నది’ అంటాం. ఏరన్నా, నదన్నా పారే నీరే. పాత మాట ఉత్త పేరుగా మిగిలిపోతే పక్కన కొత్త మాట వచ్చి చేరుతుంది. తెలియని భాష పేరు విప్పేటప్పుడు ముందు వెతకాల్సింది ఈ జంటనే.

పిరనీస్ కొండల్లో, స్పెయిన్ వైపు ‘వాల్ ద అరాన్’ ఉంది. వాల్ అంటే లోయ. అరాన్ అన్నా బాస్క్‌లో లోయే; స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుకు రెండు వైపులా మాట్లాడే భాష అది. గరోన్ నది అక్కడి నుంచే ఫ్రాన్స్‌లోకి దిగుతుంది. ఆ లోయ సొంత భాష ఇప్పుడు అరనీస్, అది దక్షిణ ఫ్రాన్స్ భాష ఆక్సిటన్‌లో ఒక రకం. బాస్క్ వినిపించదు, పేరు మాత్రం ఉంది.

తర్వాత నిఘంటువు. బాస్క్ భాషా అకాడమీ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అందులో ‘అరాన్’ కొడితే ఆల్బకరా పండు వస్తుంది! కంగారు పడొద్దు. లోయకు నేటి ప్రామాణిక రూపం ‘హరాన్’. స్పెయిన్ వైపు మాండలికాల్లో ‘హ’ పలకడం పోయింది, ఫ్రాన్స్ వైపు నిలిచింది. 1968లో మొదలైన ప్రామాణిక భాష దాన్ని రాతలో ఉంచింది. కాబట్టి అచ్చుతో మొదలయ్యే పేరును ముందు ‘హ’ పెట్టి ఇంకోసారి వెతకండి. చివర ‘అ’ ఉంటే తీసి కూడా చూడండి, చాలాసార్లు అది ‘ఆ’ అనే అర్థమిచ్చే ప్రత్యయం: ‘హరానా’ అంటే ఆ లోయ. అన్నిటికీ ఇది పనిచేయదు. చర్చిని చెప్పే ‘ఎలిసా’లో ‘అ’ మాటలోదే.

లోయా, పండా? పాలేరంటే పొలం పనివాడా, కృష్ణలో కలిసే ఏరా అన్నది సందర్భాన్ని బట్టే తెలుస్తుంది. ఇక్కడ సందర్భం నేలే. మ్యాప్‌లో ఎత్తుపల్లాలు చూపే పొర తెరవండి. రెండు పక్కలా వాలు, నడుమ నీరు కనిపిస్తే లోయ వైపే మొగ్గాలి.

అందరూ జారేది మాత్రం అరాన్‌ను అరణ్యంతో ముడిపెట్టడంలో. బాస్క్‌కు ఏ భాషతోనూ చుట్టరికం రుజువు కాలేదు. సంస్కృతం వేరే కుటుంబం. శబ్దం కలిసిందని అర్థం అంటగడితే, కొండకు కృష్ణమ్మ బెజ్జం వేసింది గనుక బెజవాడ అన్న కథలాంటిదే తయారవుతుంది. కథ ముచ్చటగా ఉంటుంది, రుజువు కాదు. దొరికినంతలో పాత రాత రూపం, దాని సంవత్సరం పక్కన పెట్టుకున్నాకే అర్థం రాసుకోండి. గుంటూరుకు ‘గర్తపురి’ అన్న సంస్కృత పేరు అలాంటి ఆధారమే: గర్తమంటే గుంట. ఆ పేరు పెట్టినవాళ్లు గుంటూరులో ‘గుంట’నే విన్నారని అది చెబుతుంది, అంతవరకే.