సొంత కారును యాప్‌లో క్యాబ్‌గా తిప్పాలంటే

ముందు నంబరు ప్లేటు సంగతి చూసుకోండి. తెల్ల ప్లేటు (సొంత వాడకపు) బండిని పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఎ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా, జైలు కూడా పడొచ్చు. అసలు దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. సొంత వాడకానికి తీసుకున్న పాలసీలో కిరాయి ప్రయాణాలకు రక్షణ ఉండదు. ప్యాసింజరుకు దెబ్బ తగిలితే ఆ పరిహారం మీ మెడకే చుట్టుకోవచ్చు.

కారు మీద లోన్ ఉంటే ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ముందే తెచ్చుకోండి. పని ఎక్కువగా ఆగేది ఇక్కడే. తర్వాత ఆర్టీఓ ఆఫీసులో ట్రాన్స్‌పోర్ట్ వాహనంగా మార్పు, ఫిట్‌నెస్, పర్మిట్, కమర్షియల్ బీమా, పసుపు ప్లేటు. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

లైసెన్స్ విషయంలో కొంత ఊరట ఉంది. 7,500 కిలోలు మించని బండి కిరాయిదైనా ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహన) లైసెన్స్ చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో మళ్లీ తేల్చింది.

యాప్ కంపెనీలు తాము టెక్నాలజీ సంస్థలమే అని చాలాకాలం వాదించాయి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 93వ సెక్షన్ వాటిని అగ్రిగేటర్లుగా (ప్రయాణికుడిని, డ్రైవరును కలిపే సంస్థలుగా) గుర్తించి లైసెన్స్ తప్పనిసరి చేసింది. 2025 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం రద్దీ వేళ ఛార్జీ బేస్ ఫేర్‌కు (మూల ఛార్జీకి) రెట్టింపు దాటకూడదు, సొంత బండి డ్రైవరుకు కనీసం 80 శాతం దక్కాలి. డ్రైవరు సరైన కారణం లేకుండా రైడ్ రద్దు చేస్తే ఛార్జీలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు జరిమానా. అయితే వీటిని అమలులోకి తేవాల్సింది రాష్ట్రాలే. కాబట్టి ఒప్పందంలో కమీషన్ శాతం చదివాకే అంగీకరించండి, ప్రతి ట్రిప్ లెక్కా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.