కాకా ఎవరిని పడతాం, మస్కా ఎవరికి కొడతాం

మాది సిరోంచ. గోదావరి దాటితే కాళేశ్వరం. ఊరు మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లాలో ఉంది కాబట్టి పిల్లలకు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. నేను ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. దసరా ముందు ఎవరైనా వచ్చి "మీ చేయి పడితేనే జాకెట్టుకు అందం అక్కా" అన్నారంటే, సంచిలో గుడ్డ ఉందని, అది రేపటికే కావాలని అర్థం. దీన్నే కాకా పట్టడం అంటారు.

ఈ మాటతో మా ఇంట్లో ఒకసారి పెద్ద నవ్వులాట అయింది. కాకినాడ నుంచి వచ్చిన మా తమ్ముడు ఏదో కాగితం పని గురించి "ఇక్కడ ఎవరిని కాకా పట్టాలి?" అన్నాడు. మా అబ్బాయి వెంటనే "కాకా పెరట్లో ఉన్నాడు, పిలుచుకురానా మామయ్యా?" అన్నాడు. మరాఠీలో కాకా అంటే బాబాయి. మా పిల్లలు మా మరిదిని అలాగే పిలుస్తారు.

అంతకంటే చిక్కు మస్కాతో. "సారుకు మస్కా కొట్టాను" అని మావాడు చెబితే, ఎంత మోసం చేశాడోనని తమ్ముడు కంగారుపడ్డాడు. వీడు చేసిందల్లా సారు చేతిరాతను పొగడటమే. మస్కా అంటే వెన్న, బన్ మస్కాలో ఉండేది అదే. మరాఠీలో మస్కా పూస్తే పొగిడి మంచి చేసుకున్నట్టు. తెలుగులో మస్కా కొడితే ఏమార్చినట్టు. సరిహద్దులో ఉన్నవాళ్లు ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

వాక్యంలో పెట్టేటప్పుడు విభక్తి చూసుకోండి. "మేనేజరును కాకా పట్టి సెలవు సంపాదించాడు." "కండక్టరుకు మస్కా కొట్టి టికెట్టు లేకుండా దిగిపోయాడు." కాకా పట్టడానికి మాటలే అక్కరలేదు, సంచి మోయడం, ఇంటి నుంచి గడ్డపెరుగు తేవడం, చప్పటి జోకుకు పడీపడీ నవ్వడం కూడా అందులోకే వస్తాయి. ఇచ్చకాలు మాత్రం మాటల్లోనే ఉంటాయి: ఎదుటివారికి ఏది ఇష్టమో అదే పలకడం. ముఖస్తుతి రాతకు బాగుంటుంది, కానీ మనిషి ఎదురుగా ఉండాలి. చాటున పొగిడితే దానికి ఆ పేరు చెల్లదు. రోజూ ఒకే పెద్దమనిషి చుట్టూ తిరుగుతూ పొగుడుతుంటే అది భజన.

పెద్దవాళ్లతో "మీరు ఫలానావారిని కాకా పట్టారు" అనకండి, నిందలా తగులుతుంది. మన గురించి మనమే అనుకుంటే హాస్యం.

పిల్లల మీద ఈ మాటలేవీ వాడకండి. మా మనవరాలు మిషను పక్కన చేరి, మిగిలిన పట్టుముక్క వంక చూస్తూ "అమ్మమ్మా" అని సాగదీస్తుంది. అది గోము. దాని బొమ్మకు గౌను కుట్టాకే ఆ రాత్రి మిషను మీద గుడ్డ కప్పుతాను.