చెన్నైలో కూర్చుని బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ కామన్స్‌ను చూడటం ఎలా?

బుధవారంతో మొదలుపెట్టకండి. బ్రిటన్ ప్రధానమంత్రిని సభ్యులు ప్రశ్నించేది ఆ రోజే. అక్కడ మధ్యాహ్నం 12 గంటలంటే మనకు చలికాలంలో సాయంత్రం 5.30, వాళ్లు గడియారాలు ముందుకు జరుపుకునే వేసవిలో 4.30. అరగంట పాటు కేకలు, ఎత్తిపొడుపులు, ముందే రాసుకొచ్చిన చమత్కారాలు. మా కింది వాటాలో అద్దెకుంటూ అన్నానగర్‌లో సివిల్స్ శిక్షణ తీసుకుంటున్న నెల్లూరు అబ్బాయిలిద్దరూ ఆ తునకలే ఫోనులో చూసి, "తాతగారూ, మన పార్లమెంటుకు నమూనా ఇదేనా?" అని అడిగారు. తెలుగు పత్రిక విలేకరిగా ఫోర్ట్ సెయింట్ జార్జిలో తమిళనాడు శాసనసభ ప్రెస్ గ్యాలరీలో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి. గొంతు ఎవరిది పెద్దదో చూస్తే ఆ పూటకు వార్త దొరుకుతుంది. సభ ఎవరి గుప్పిట్లో ఉందో తెలియాలంటే మాత్రం సభా సమయం ఎవరికి ఎంత దక్కుతోందో చూడాలి. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

గురువారంతో మొదలుపెట్టండి. ఆ ఉదయం ప్రశ్నోత్తరాలు కాగానే సభా వ్యవహారాల మంత్రి లేచి వచ్చే వారం ఏ రోజు ఏ పని చేపడతారో చదువుతారు. చలికాలంలో మనకు దాదాపు సాయంత్రం నాలుగు గంటల వేళ. పార్లమెంట్‌లైవ్ డాట్ టీవీలో ఉచితంగా చూడవచ్చు. ఒక కాగితం తీసుకుని అయిదు రోజులకు అయిదు గళ్లు గీసి, ఏ గడిలో ఎవరి పని ఉందో రాసుకోండి: ప్రభుత్వానిదా, ప్రతిపక్షానిదా, వెనుక బెంచీల వారిదా (అంటే ఏ పదవీ లేని మామూలు సభ్యులదా)? మూడు నాలుగు వారాలు రాస్తే చాలు, కాగితం నిండా ప్రభుత్వమే కనిపిస్తుంది.

దానికి కారణం సభా నియమాల్లో 14వది. ప్రతి సమావేశంలోనూ ప్రభుత్వ పనులకే ప్రాధాన్యం అంటుంది అది. మినహాయింపులూ అందులోనే ఉన్నాయి. ఒక సెషన్‌లో ప్రతిపక్షాలకు 20 రోజులు. అందులో 17 ప్రధాన ప్రతిపక్షానికి, 3 దాని తర్వాతి పార్టీకి. వెనుక బెంచీల చర్చలకు 35 రోజులు. ప్రైవేటు సభ్యుల బిల్లులకు, అంటే మంత్రులు కాని సభ్యులు తెచ్చే బిల్లులకు, 13 శుక్రవారాలు. ప్రతిపక్షం రోజు ఎప్పుడు వస్తుందో నిర్ణయించేది కూడా ప్రభుత్వమే. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం పాఠం అయిపోయినట్టే.

ఆ నియమం ఎంత బలమైనదో 2019లో బయటపడింది. బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటపడే ఒప్పందం మీద ప్రభుత్వం, సభ ఎటూ కదలలేక కూర్చున్నప్పుడు, మార్చి 25న ఆలివర్ లెట్విన్ అనే అధికార పక్ష సభ్యుడి సవరణ 329–302 ఓట్లతో నెగ్గింది. ఒక్క రోజుకు ప్రభుత్వ ప్రాధాన్యాన్ని పక్కనపెట్టి ఎజెండాను సభ తన చేతిలోకి తీసుకుంది. మార్చి 27న ఆ ఒప్పందానికి ఎనిమిది ప్రత్యామ్నాయాల మీద ఓటింగ్ పెట్టారు. ఎనిమిదీ ఓడిపోయాయి! పత్రికలు ఎగతాళి చేశాయి గానీ దారి మాత్రం పడింది. సెప్టెంబరు 3న 328–301తో మళ్లీ అదే పని చేసి, ఒప్పందం లేకుండా యూరప్ నుంచి బయటపడకుండా ప్రధాని చేతులు కట్టే చట్టాన్ని ఆ వారంలోనే రెండు సభలూ దాటించారు. పాత చర్చలు చదవాలనుకుంటే మార్చి 25, సెప్టెంబరు 3 తేదీలతో మొదలుపెట్టండి. హాన్సార్డ్ అనే సభా నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితం. నిఘంటువు దగ్గర పెట్టుకోండి.

సంస్కరణల చరిత్ర అడిగితే పిల్లలకు నేను చెప్పేది ఒకే పేరు: టోనీ రైట్. 2009లో సభ్యుల ఖర్చుల కుంభకోణంతో పరువు పోయాక ఆయన అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. దాని సిఫార్సులతో 2010 నుంచి సెలెక్ట్ కమిటీల్లో (ప్రభుత్వ శాఖల పనిని తనిఖీ చేసే సభ్యుల కమిటీలవి) చాలావాటి అధ్యక్షులను సభ్యులే రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. అంతకు ముందు పార్టీ విప్‌లు చెప్పిన పేరే పేరు. వెనుక బెంచీల చర్చాంశాలను ఎంచే కమిటీ కూడా అప్పుడే పుట్టింది. అసలైన మూడో సిఫార్సు మాత్రం, అంటే సభ ఎజెండా మొత్తాన్ని అన్ని పక్షాలూ ఉన్న కమిటీ తయారుచేయాలన్నది, సంకీర్ణ ప్రభుత్వం మాట ఇచ్చి కూడా ఎగ్గొట్టింది. అడిగినవి రెండు ఇచ్చి ముఖ్యమైనది దాచుకోవడం నాకు కొత్త కాదు. ఏ సచివాలయమైనా అంతే.

ఇక ప్రైవేటు సభ్యుల బిల్లులు వచ్చే శుక్రవారం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు, అన్నిటికన్నా కోపం తెప్పించే రోజూ అదే. సభ ఉదయం 9.30కి మొదలై 2.30కి చర్చ ఆగిపోవాలి. మనకు చలికాలంలో మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది. చర్చ పూర్తి కాకుండానే 2.30 అయితే బిల్లు వరుసలో వెనక్కి పోతుంది, చాలాసార్లు చచ్చిపోయినట్టే. అందుకని గిట్టనివారు మాట్లాడుతూనే ఉంటారు. చర్చ ముగించాలని తీర్మానం పెట్టవచ్చు, కానీ దానికి అనుకూలంగా కనీసం 100 మంది ఓటేయాలి. శుక్రవారం సభ్యులు సొంత నియోజకవర్గాలకు వెళ్లిపోతారు. వందమందిని లండన్‌లో నిలబెట్టడం బిల్లు తెచ్చినవాడి తలనొప్పి. కాబట్టి ఆ రోజు ప్రసంగం ఎంత బాగుందో పట్టించుకోకుండా గడియారాన్నీ, బెంచీల మీది తలలనూ లెక్కపెట్టండి.

చర్చ ఆగాక మిగతా బిల్లుల పేర్లు గబగబా చదువుతారు. ఒక్క సభ్యుడు 'అభ్యంతరం' అని అరిస్తే ఆ బిల్లు ఆ రోజుకు ఆగిపోతుంది. కారణం చెప్పనక్కర్లేదు. 2018 జూన్ 15న, అనుమతి లేకుండా స్త్రీల దుస్తుల కింద ఫోటోలు తీయడాన్ని నేరం చేసే బిల్లుకు క్రిస్టఫర్ చోప్ అలా అడ్డుపడ్డారు. దేశమంతా మండిపడింది. ప్రభుత్వం తానే బిల్లు తెచ్చింది, 2019లో చట్టమైంది. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసిన 1967 చట్టం కూడా ప్రైవేటు సభ్యుడి బిల్లే. అందుకే శుక్రవారాన్ని తీసిపారేయకండి.

ఓటింగ్ వచ్చినప్పుడు మనవాళ్లు తికమకపడతారు. లోక్‌సభలో మీట నొక్కితే సరిపోతుంది. అక్కడ గంట మోగుతుంది, ఎనిమిది నిమిషాలకు తలుపులు మూస్తారు, అవునన్నవారు ఒక లాబీలోకి, కాదన్నవారు మరో లాబీలోకి నడుస్తారు. పావుగంట పడుతుంది. 2020లో కరోనా వేళ కొద్ది వారాలు ఇంటి నుంచే కంప్యూటర్‌లో ఓటేశారు గానీ జూన్‌లో ఆ ఏర్పాటు ఎత్తేసి, ఎడంగా నిలబడి వెస్ట్‌మినిస్టర్ హాలు దాకా పొడుగాటి వరుస కట్టారు. మా అబ్బాయిలు పగలబడి నవ్వారు. నేను నవ్వను. లాబీలో మంత్రి భుజం పక్కన నడిచే ఆ కొద్ది నిమిషాల్లోనే మామూలు సభ్యుడు తన ఊరి పని చెప్పుకుంటాడు.

ఫలితం రాగానే పార్టీల లెక్క చూసి వదిలేయకండి. ఎవరు ఎటు నడిచారో పేర్ల జాబితా పార్లమెంటు వెబ్‌సైటులో ఉంటుంది. విప్ ధిక్కరిస్తే మన దేశంలో రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వమే పోవచ్చు. అక్కడ సీటు పోదు, పార్టీ దూరం పెడుతుందంతే. 2024 జూలైలో, ప్రభుత్వ సాయాన్ని కుటుంబానికి ఇద్దరు పిల్లలకే పరిమితం చేసే నిబంధన మీద సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసిన ఏడుగురు లేబర్ సభ్యులను కనీసం ఆరు నెలలు అలాగే పార్టీ బయట పెట్టారు. తిరుగుబాటు చేసినవారి పేర్లు వరుసగా నాలుగైదు ఓటింగుల్లో రాసిపెట్టుకోండి, ప్రభుత్వం తర్వాత ఎక్కడ వెనక్కి తగ్గుతుందో ముందే ఊహించగలుగుతారు.

ఆగస్టులో సభ ఉండదు. అప్పుడు సెలెక్ట్ కమిటీల నివేదికలు చదవండి, సారాంశం పేజీలు చాలు. ప్రభుత్వం రెండు నెలల్లో జవాబివ్వడం ఆనవాయితీ. నివేదిక తేదీ పక్కన ఆ గడువు రాసుకుని, ఆ రోజున వెళ్లి జవాబు వచ్చిందో లేదో చూడండి.